ప్రమాదం చూస్తూ నిలబడిపోయాను.. నిద్ర పట్టడం లేదు!

ప్రశ్న: నా వయసు 38. ఐదు వారాల క్రితం బస్టాండు ఎదుట బైకు ప్రమాదం జరిగింది. ఇరవై మందిమి చుట్టూ మూగాం, ఎవరమూ ముందుకు వెళ్లలేదు. చాలాసేపటికి ఓ ఆటో డ్రైవరు గాయపడినతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మర్నాడు ఆ గాయపడినతను చనిపోయాడని తెలిసింది. అప్పటి నుంచి అదే కళ్లముందు ఆడుతోంది. ఆ దారిన వెళ్లడం మానేశాను. మందుల షాపులో ఆల్ప్రజోలమ్ 0.5 కొని రాత్రిళ్లు వేసుకుంటున్నాను. మొదట్లో ఒకటి సరిపోయేది, ఇప్పుడు రెండు కావాల్సి వస్తోంది. నాలో మానవత్వం లేదా డాక్టర్ గారూ?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు మాత్రల సంగతి. మీరు అడగకపోయినా నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. ఒకటి రెండైందంటే శరీరం మందుకు అలవాటు పడుతోందన్నమాట. ఆందోళన తగ్గించే ఈ ఆల్ప్రజోలమ్ హెచ్1 షెడ్యూలు (గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితా) మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చదువుకున్న మీరు అడిగి కొనుక్కోవడం తప్పే. అలాగని ఈ రాత్రికే మానేయకండి. వారాల తరబడి వేసుకున్నదాన్ని ఒక్కసారిగా ఆపితే ఉన్న నిద్రా పోవచ్చు, చేతులు వణకవచ్చు, కొందరికి ఫిట్స్ వస్తాయి. డాక్టరు చెప్పిన లెక్కన కొద్దికొద్దిగా తగ్గించాలి. మద్యంతో కలిపితే ఊపిరి మందగిస్తుంది, ఆ పని అసలు చేయొద్దు.

పైగా మీ బాధకు ఇది మందు కాదు. చూసిన ఘటన వెంటాడటం, ఆ చోటుకు వెళ్లలేకపోవడం, నిద్రలేమి నెల దాటితే పీటీఎస్‌డీని (ఘోరమైన ఘటన తర్వాత వెంటాడే మానసిక సమస్య) అనుమానిస్తాం. మిమ్మల్ని చూడకుండా అదేనని చెప్పలేను, డిప్రెషన్ ఉందేమో కూడా పరీక్షించాలి. ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. ట్రామా (మానసిక గాయం) కోసం చేసే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదుపుతూ ఆ జ్ఞాపకాన్ని గుర్తుచేసుకునే చికిత్స) బాగా పనిచేస్తాయి, సాధారణంగా 8 నుంచి 12 సిట్టింగులు పడతాయి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు.

ఇక మానవత్వం సంగతి. 1968లో డార్లీ, లటానే అనే అమెరికన్ పరిశోధకులు విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఇంటర్‌కమ్‌లో ఒకరికి ఫిట్స్ వస్తున్నట్టు వినిపించారు. తాను ఒక్కడే విన్నాననుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ ఫిట్స్ ఆగేలోపే సాయానికి కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో కదిలింది 31 శాతమే. నేను మీకు చెప్పదలుచుకున్నది మిగిలినవాళ్ల గురించి. వాళ్లేమీ నిమ్మళంగా కూర్చోలేదు. తర్వాత గదిలోకి వెళ్లి చూస్తే చాలామందికి చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమట పట్టాయి, 'అతనికెలా ఉంది?' అని అడిగారు. సాయం చేయకూడదని వాళ్లు నిర్ణయించుకోలేదు, ఏ నిర్ణయమూ తీసుకోలేక ఆగిపోయారు. మీరూ అంతే అయి ఉండవచ్చు.

గుంపులో బాధ్యత ముక్కలైపోతుంది. పైగా ప్రతివాడూ పక్కవాడి ముఖం చూసి 'అంత ప్రమాదమేమీ కాదేమో' అనుకుంటాడు. మన దగ్గర పోలీసుల భయం ఒకటి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ ప్రకారం, సదుద్దేశంతో సాయం చేసినవారిపై కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు కూడా.

ఈసారి అలాంటిది ఎదురైతే 'ఎవరైనా ఫోన్ చేయండి' అని అరవొద్దు. ఒకరిని వేలెత్తి చూపి 'నీలం చొక్కా అన్నా, మీరు 108కి చేయండి' అనండి. మరొకరికి ట్రాఫిక్ ఆపే పని అప్పగించండి. అక్కడితో గుంపు కరిగి మనుషులు కదులుతారు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. నీళ్లు తాగించొద్దు. కాళ్లూ చేతులూ పట్టి ఎత్తితే మెడ ఎముక విరిగి ఉన్నప్పుడు వెన్నుపాము దెబ్బతింటుంది, అంబులెన్సు వచ్చేదాకా కదపకండి.

సైకియాట్రిస్టు దగ్గరకు ఆ మాత్రల స్ట్రిప్పు పట్టుకెళ్లండి. ఎన్ని వేసుకున్నారో, ఎన్నాళ్లుగానో దాచకుండా చెప్పండి.