వేలంలో పాడుకున్న సరుకు ఇంటికి రాకపోతే

చిరంజీవి మేనల్లుడికి పాలకొల్లు నుంచి పెదమావయ్య ఆశీస్సులు.

నీ మెసేజీలన్నీ చదివాను. ఫోన్లో వేలం పాడి 14,200 రూపాయలకి పాత వాల్వు రేడియో దక్కించుకున్నావు, డెబిట్ కార్డుతో సైటులోనే డబ్బు కట్టేశావు. చెప్పిన తేదీ దాటిపోయింది, రేడియో జాడ లేదు. అమ్మినాయన మొదట సరైన అట్టపెట్టె దొరకలేదన్నాడు, తరవాత వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదన్నాడు, నిన్నేమో సోమవారం గ్యారంటీ అన్నాడు. "మనిషి మంచివాడిలాగే ఉన్నాడు మావయ్యా, ఇప్పుడే కంప్లైంటు పెడితే బాగుంటుందా?" అని అడిగావు.

పెట్టు. ఈ రోజే పెట్టు. అతను నిజంగా మంచివాడైతే ఆ కంప్లైంటు వల్ల అతనికి పోయేదేమీ లేదు. రేడియో నీకు చేరగానే కేసు మూసేస్తారు. మంచివాడు కాకపోతే మాత్రం ఆ సోమవారం మళ్ళీ ఇంకో సోమవారానికి దారితీస్తుంది, ఈలోగా నీ గడువు కాస్తా దాటిపోతుంది. వాళ్ళమ్మగారి జబ్బు నిజమే కావచ్చు, ఆవిడ త్వరగా కోలుకోవాలి. సైటు వాడు పెట్టిన తేదీ మాత్రం ఎవరి జబ్బు కోసమూ ఆగదు.

మన పంచాయతీ చెరువు పాట నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. పాడుకున్నవాడు ధరావతు కడతాడు, పాట ఊరందరి ముందూ జరుగుతుంది, చెరువు ఎక్కడికీ పారిపోదు. ఆన్‌లైన్ పాటలో డబ్బు ముందు నీ చేతిలోంచి వెళ్ళిపోతుంది, సరుకేమో మనం మొహం కూడా చూడని మనిషి ఇంట్లో ఉంటుంది. అందుకని పెద్ద సైట్లు కొన్నవాడికి కొంత రక్షణ ఇస్తాయి, దానికి ఒక గడువూ పెడతాయి. ఈబేనే తీసుకో. మన దేశంలో 2018లో దుకాణం కట్టేసింది గానీ, బయటి దేశాల నుంచి నాణేలూ స్టాంపులూ తెప్పించుకునేవాళ్ళు ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. అక్కడ సరుకు రావాల్సిన ఆఖరి తేదీ నుంచి 30 రోజుల్లోపు రాలేదని చెప్పాలి. అమ్మినవాడికి 3 పనిదినాలు ఇస్తారు, అప్పటికీ తేలకపోతే ఈబేని కలగజేసుకోమని అడగొచ్చు. ఆన్‌లైన్లో డబ్బు కట్టే సేవ పేపాల్‌లో కట్టినవాళ్ళకి 180 రోజుల వ్యవధి ఉంది. అయితే డిస్ప్యూట్, అంటే అమ్మినవాడితో తేల్చుకునే ఫిర్యాదు, పెట్టాక 20 రోజుల్లోపు దాన్ని క్లెయిముగా, అంటే పేపాల్‌నే తేల్చమని అడిగేదిగా, మార్చకపోతే అదంతట అదే మూతపడుతుంది. మూతపడిన దాన్ని మళ్ళీ తెరవనివ్వరు. నువ్వు పాడిన సైటు వేరు గనక దాని నిబంధనలు తీసి, నీ గడువు ఏ తారీకుతో అయిపోతుందో చూసి కాలెండరు మీద ఎర్రసిరాతో రాసుకో.

కంప్లైంటుకి ముందు ఒక అరగంట పని ఉంది. ఆ రేడియో ప్రకటన పేజీని పైనుంచి కిందిదాకా స్క్రీన్‌షాట్లు తియ్యి. బొమ్మలు, ఐటం నంబరు, అమ్మినవాడి ఐడీ, నీ పాట మొత్తం, పాట ముగిసిన తేదీ, పంపిస్తానన్న తేదీ అన్నీ అందులో కనబడాలి. ఈ పేజీలు ఉన్నట్టుండి మాయమైపోతుంటాయి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ లావాదేవీ ఉన్న పేజీ కూడా తీసి పెట్టుకో. ఇక మీదట అతనితో ఫోన్లో మాట్లాడకు. అతనే చేస్తే విను, పెట్టెయ్యగానే "మీరు ఇప్పుడు ఫోన్లో సోమవారం పంపిస్తానన్నారు" అని సైటులోని మెసేజీ పెట్టెలో రాసెయ్యి. ఫోన్లో అన్న మాటకి సాక్ష్యం ఉండదు.

అతనికి పెట్టాల్సిన మెసేజీ సారం ఇది, ఇంగ్లీషులో రాసుకో: "ఫలానా నంబరు రేడియోకి ఫలానా తేదీన 14,200 రూపాయలు కట్టాను. ఫలానా తేదీకి రావాల్సింది, ఈ రోజుకీ రాలేదు. ఇవాళ సైటులో కంప్లైంటు నమోదు చేశాను. మూడు రోజుల్లోపు బుకింగు రసీదు ఫొటో పెట్టండి, లేదా సైటు ద్వారానే డబ్బు వాపసు చెయ్యండి." ఇంతే. తిట్టొద్దు, బెదిరించొద్దు, బతిమాలొద్దు. రేపు ఈ మెసేజీ సైటు వాళ్ళూ బ్యాంకు వాళ్ళూ అవసరమైతే పోలీసులూ చదువుతారు, వాళ్ళకి అందులో తేదీలు కనబడితే చాలు. అతని ఫొటో, ఫోన్ నంబరు ఫేస్‌బుక్‌లో పెట్టి దొంగ అని రాయాలని నీ స్నేహితులు సలహా ఇచ్చారట. ఆ పని చేశావంటే కంప్లైంటు ఇచ్చేవాడు అతనవుతాడు.

ఇక నా ఉద్యోగమంతా పార్సిళ్ళ మధ్యే గడిచింది గనక నీకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కంప్లైంటు పడగానే చాలామంది అమ్మకందారులకి హఠాత్తుగా ఒక ట్రాకింగు నంబరు పుట్టుకొస్తుంది. దాన్ని చూసి సంబరపడకు. స్పీడ్ పోస్టు నంబరులో 13 స్థానాలుంటాయి: ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో 9 అంకెలు, చివర ఐ, ఎన్. నంబరు కొట్టి చూడగానే బుకింగు ఏ తేదీన జరిగింది, ఏ ఆఫీసులో జరిగింది, ఏ ఆఫీసుకి చేరాలి అన్నవి చూడు. పాట ముగియక ముందే బుకింగు అయిన నంబరు ఇచ్చినవాళ్ళున్నారు. అది ఇంకెవరిదో పాత పార్సిలు.

దీనికంటే గడుసుది ఇంకోటుంది. నీ పిన్‌కోడులోనే వేరే చిరునామాకి ఓ ఖాళీ కవరు పంపిస్తారు. అది ఎవరికో అందుతుంది, ట్రాకింగులో 'డెలివర్డ్' అని పడుతుంది. సైటు కంప్యూటరుకి కనబడేది ఆ ఒక్క మాటే గనక కేసు అతనివైపు తీర్చేస్తుంది. దీనికి మందు బుకింగు రసీదు. రసీదు మీద బరువు ఉంటుంది. వాల్వు రేడియో అంటే చెక్కపెట్టె, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు కలిసి కిలోల్లో తూగే వస్తువు. రసీదు మీద 40 గ్రాములని ఉంటే వెళ్ళింది కాగితమే. రసీదు చూపించడానికి నీళ్ళు నమిలాడంటే సంగతి నీకు అర్థమైపోవాలి. అప్పుడు మీ రాజోలు పోస్టాఫీసుకి వెళ్ళి, ఆ నంబరు ఎవరి పేరున, ఏ చిరునామాలో, ఎవరి సంతకం మీద ఇచ్చారో రాతపూర్వకంగా అడుగు. ఆ వస్తువు నీకు అందలేదని కాగితం మీద జవాబు తీసుకుని సైటులో జతచెయ్యి. మాటలతో వాదించినదానికంటే ఆ ఒక్క కాగితం ఎక్కువ పనిచేస్తుంది.

ఈ మోసాలు కొత్తవనుకోకు. పత్రికల్లో ప్రకటన చూసి ట్రాన్సిస్టరుకి రాస్తే వీపీ పార్సిలు వచ్చేది. డబ్బు కట్టించుకున్నాకే పోస్టాఫీసులో మేం పెట్టె చేతికిచ్చేవాళ్ళం, విప్పితే లోపల ఇటుక ముక్క. జనం మమ్మల్ని తిట్టిపోసేవాళ్ళు.

కేసు నడుస్తుండగా అతను తియ్యగా ఒక మాట అంటాడు: "ముందు కంప్లైంటు తీసెయ్యండి, డబ్బు యూపీఐలో వేసేస్తాను." చచ్చినా ఒప్పుకోకు. వాపసు సైటు ద్వారానే రావాలి, వచ్చాక కేసు దానంతట అదే ముగుస్తుంది. క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చెయ్యమంటే, పిన్ కొట్టమంటే, ఏదో యాప్ వేసుకుని స్క్రీన్ చూపించమంటే అది రెండో దోపిడీ. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు. కొరియరు ఇన్సూరెన్సుకని ఇంకో 500 అడిగినా అంతే.

కార్డుతో కట్టావు గనక సైటు కేసుతో పాటు బ్యాంకులో కూడా డిస్ప్యూట్ ఫారం నింపి చార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం, అడుగు. కౌంటరులో "నా డబ్బు పోయింది" అనకు, "కొన్న సరుకు అందలేదు" అని రాయి. తేడా ఉంది. 3 పనిదినాల్లో చెబితే డబ్బంతా వెనక్కొస్తుందని విన్నావే, అది 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నియమం, మనకి తెలియకుండా ఎవరో లాగేసిన లావాదేవీలకి. నువ్వు నీ చేత్తో కట్టావు గనక అది నీకు వర్తించదు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఫీజు లేదు.

సైటు బయట కట్టినవాళ్ళ సంగతి వేరు. ఇక్కడ రొయ్యల చెరువులున్న ఒకాయన పాత డీజిలు ఇంజను పాడుకుని, కమీషను మిగులుతుందని అమ్మినవాడి ఖాతాకి నేరుగా పంపాడు. మర్నాటికి ఆ ఐడీ లేదు. "మా ద్వారా కట్టలేదు కదా" అన్నారు సైటు వాళ్ళు. ఆయన చేసిన మంచి పని ఒక్కటే, ఆ రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు. అప్పటికి డబ్బులో కొంత ఇంకా ఆ ఖాతాలోనే ఉంది, దాన్ని ఆపేశారు, తరవాత కోర్టు ఉత్తర్వు మీద వెనక్కొచ్చింది. మిగతాది పోయింది. నీ అమ్మకందారుడి ఐడీ మాయమైనా, అతను ఇంకొందరిని ఇలాగే ముంచాడని తెలిసినా నువ్వూ 1930కి చేసి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చెయ్యి. "అతను వేరే రాష్ట్రం వాడు, అక్కడికెళ్ళు" అని స్టేషన్‌లో అంటే, నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా రాసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ ఎక్కడైనా రాయొచ్చని మర్యాదగానే గుర్తుచెయ్యి. మనం ఇన్నాళ్ళూ 420 అని తిట్టుకున్న సెక్షను 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318 అయింది.

వీటిలో దేనికీ తెమలకపోతే వినియోగదారుల దారి ఉంది. ముందు సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్సు ఆఫీసరుకి రాయి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తరవాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. చాలా కంపెనీలు ఆ దశలోనే దిగొస్తాయి. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో నాకు బాగా నచ్చిందేమిటంటే, కేసు నువ్వున్న చోటే వేసుకోవచ్చు, అమ్మినవాడి ఊరికి పరిగెత్తక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, ప్లీడరు లేకపోయినా ఫరవాలేదు, రెండేళ్ళ వ్యవధి ఉంది. ఒక్క చిక్కు చూసుకో: ఇదే వ్యాపారంగా అమ్మేవాడైతే ఈ దారి గట్టిగా నిలుస్తుంది, ఇంట్లో అటక మీద ఉన్న ఒక్క రేడియో అమ్ముకున్న మామూలు మనిషికి ఆ ఈ-కామర్స్ నియమాలు వర్తించవు. అతని ఐడీ కింద ఇంకా ఏమేం అమ్మకానికి ఉన్నాయో ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకో.

ఈ గొడవలో రేడియో నిజంగానే రావచ్చు కూడా. వస్తే విప్పేటప్పుడు చెల్లెల్ని వీడియో తియ్యమను, ముందు అట్టపెట్టె నాలుగు వైపులా, చిరునామా చీటీ, ఆ తరవాతే కత్తెర. వాల్వులు పగిలి వస్తే అది "సరుకు రాలేదు" కిందకి రాదు, "చెప్పినట్టు లేదు" అని వేరే కంప్లైంటు పెట్టాలి. బాగానే వస్తే అదే రోజు కేసు మూసెయ్యి, ఆలస్యమైందని ఉన్నదున్నట్టు రివ్యూ రాయి.

స్క్రీన్‌షాట్లు ఈ రాత్రికే తీసి నాకో కాపీ పంపు. ఆదివారం చించినాడ వంతెన దాటి ఇటొస్తే బ్యాంకు ఫారం కలిసి నింపుదాం. స్టేట్‌మెంటు, ఆధార్ తెచ్చుకో. మీ అమ్మకి 14,200 సంగతి నేను చెప్పలేదు, అది నువ్వే చెప్పుకో.

ఆశీస్సులతో,
పెదమావయ్య