చిన్న స్టూడియోకి సీ-స్టాండ్ అవసరమా? మామూలు లైట్ స్టాండ్ సరిపోదా?

అవసరమే. సీ-స్టాండ్ అంటే సినిమా షూటింగుల్లో వాడే బరువైన స్టీల్ లైట్ స్టాండు. "చిన్న గది, ఒక అరవై వాట్ల ఎల్ఈడీ, ఒక పెద్ద సాఫ్ట్‌బాక్స్, ఎక్కువగా చిన్నపిల్లల ఫొటోలు" అని రాశారు మీరు. ఆ చివరి మాట చూశాకే ఈ జవాబు రాయాలనిపించింది.

తెనాలిలో పదకొండేళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. మొదటి నాలుగేళ్లు నా దగ్గరున్నవన్నీ పల్చటి అల్యూమినియం స్టాండ్లే. ధర తక్కువ, బైకు వెనక కట్టుకుని ఊళ్లకి పోవచ్చు. ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి ఇక రాదనుకున్నాను.

ఆ రోజు ఒక పాపకి మొదటి పుట్టినరోజు ఫొటోలు. పట్టు పరికిణీ కట్టి కూర్చోబెట్టారు, ముందు కేకు. వెలుతురు పైనుంచి రావాలని స్టాండుకి అడ్డంగా బూమ్ రాడ్ బిగించి, చివర లైటూ, దాని వెలుతురుని మెత్తబరిచే గుడ్డపెట్టె సాఫ్ట్‌బాక్సూ తగిలించాను. వెనక వైపు బరువుకి గుడ్డసంచిలో రెండు ఇటుకలు. పాప పక్కనే వాళ్ల నానమ్మగారు.

పాప కేకులో చెయ్యి పెట్టింది, అందరూ నవ్వుతున్నారు. నేను కెమెరాలోంచి చూస్తున్నాను. ముందు పాప బుగ్గ మీద వెలుగు మెల్లగా పక్కకి జరిగింది. అదేంటా అనుకునేలోపే టక్కుమని ప్లాస్టిక్ విరిగిన చప్పుడు. తలెత్తేసరికి నానమ్మగారు పాపకి అడ్డంగా చెయ్యి చాపేశారు. సాఫ్ట్‌బాక్స్ అంచు ఆవిడ ముంజేతి మీద పడింది. మట్టిగాజులు రెండు పగిలి కేకులో పడ్డాయి. చేతికి రక్తం. "నాకేం కాలేదు నాయనా, ముందు పిల్లని తియ్యండి" అన్నారావిడ. పాపకి గీత కూడా పడలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత స్టాండు విప్పి చూశాను. నాబ్ బిగించే చోట ఉన్న ప్లాస్టిక్ కాలర్ పగిలింది. పై గొట్టం జానెడు కిందకి జారింది. ఆ కుదుపుకి మొత్తం ముందుకి ఒరిగింది, ఎందుకంటే నేను లైటు బరువుని రెండు కాళ్ల మధ్య ఖాళీ వైపు వేలాడదీశాను. ఇటుకలు ఎంత పెట్టినా అటువైపు ఆపడానికి నేల మీద కాలే లేదు.

మా బంధువుల్లో ఒకాయన హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉంటూ ఔట్‌డోర్ యూనిట్లలో ఇరవై ఏళ్లు లైట్‌మ్యాన్‌గా చేశారు. పండక్కి వచ్చినప్పుడు చెబితే, "తమ్ముడూ, బరువు ఎటుంటే పెద్ద కాలు అటు. ఇసుక ఆ కాలి మీదే" అన్నారు. సీ-స్టాండుకి మూడు కాళ్లూ మూడు ఎత్తుల్లో ఉంటాయి, అందుకే నాలుగైదు స్టాండ్లని ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా ఎత్తులో ఉన్నది పెద్ద కాలు. ఇసుక సంచి దాని మీద వేలాడాలి, నేలకి ఆనకూడదు. ఆనిందంటే ఆ బరువు స్టాండుకి కాదు, గచ్చుకి. ఇంకోటి, రాడ్ ముందుకి చాచి ఉన్నప్పుడు స్టాండు వెనక నిలబడితే గ్రిప్ హెడ్ (రాడ్‌ని స్టాండుకి పట్టి ఉంచే బిగింపు) నాబ్ మన కుడిచేతి వైపు రావాలి. అప్పుడు లైటు కిందకి లాగేకొద్దీ నాబ్ బిగుసుకుంటుంది. ఎడమ వైపు పెడితే వదులవుతుంది. ఇంత ముఖ్యమైన సంగతి నాకు నాలుగేళ్లపాటు ఎవరూ చెప్పలేదు. వీడియోల్లో అందరూ కెమెరాల గురించీ లెన్సుల గురించీ చెప్పేవాళ్లే.

ఆన్‌లైన్‌లో "ఇరవై కిలోలు మోస్తుంది" అని రాసిన అంకె చూసి కొనకండి. స్టాండు మొత్తం ముడిచి, బరువు సరిగ్గా నడినెత్తిన పెడితే మోస్తుందేమో. పూర్తిగా పైకి లాగి, రాడ్ చివర లైటు పెడితే ఆ అంకెకి అర్థం లేదు. నాకు తెలిసినంతవరకు లైట్లు పాతబడి పోయినవి తక్కువ, పడి పోయినవే ఎక్కువ.

పెళ్లిళ్లలో ఇంకో అన్యాయం ఉంది. మంచి స్టాండు కొనకుండా, దాన్ని పట్టుకోవడానికి ఒక కుర్రాణ్ణి నిలబెడతారు. పందిట్లో గాలి వీచినా, ఫంక్షన్ హాల్లో కూలర్ తిరిగినా సాఫ్ట్‌బాక్స్ తెరచాపలా లాగుతుంది. ముహూర్తం అయ్యేదాకా ఆ పిల్లాడు స్టాండుని కావలించుకుని నిలబడాలి. అందరూ తిన్నాక చివరి బంతిలో అతనికి భోజనం. రెండు లక్షల కెమెరా మెడలో వేసుకున్నవాళ్లు ఒక ఇనప స్టాండు కొనలేరా? నాకు కోపం వస్తుంది.

మీ గదికి ఒక్క స్టీల్ సీ-స్టాండ్ చాలు, రాడ్, గ్రిప్ హెడ్‌తో కలిపి తీసుకోండి. ఏడెనిమిది కిలోలు ఉంటుంది, ఆ బరువే మీకు రక్ష. కాలర్లు లోహానివో కాదో చేత్తో పట్టి చూడండి. పైన లైటు తగిలించే పిన్ను 16 మిల్లీమీటర్లదే, ఈ సైజు లైట్లు దాదాపు అన్నీ దానికే వస్తాయి. ఉన్న అల్యూమినియం స్టాండ్లు పారేయక్కర్లేదు, రిఫ్లెక్టర్‌కీ బ్యాక్‌గ్రౌండ్ లైటుకీ వాడుకోండి. ఇసుక సంచులకి డబ్బు పెట్టకండి. నేను పాత జీన్స్ ప్యాంటు కాళ్లు కోసి, లోపల పాలిథిన్ కవర్లలో ఎండిన ఇసుక పోసి, మధ్యలో ఖాళీ వదిలి టైలర్ దగ్గర కుట్టించాను. ఏడేళ్లుగా అవే.

మొన్న ఆ పాప తమ్ముడికి ఫొటోలు తీయించడానికి వాళ్లే వచ్చారు. నానమ్మగారు పెద్ద కాలి మీద వేలాడుతున్న జీన్స్ సంచిని ఒకసారి చేత్తో ఎత్తి చూసి, ఆ తర్వాత మనవణ్ణి కూర్చోబెట్టారు.