పసుపులోని కర్క్యుమిన్ లివర్ క్యాన్సర్ కణాలను చంపుతదా, చంపితే ఎట్ల?

చంపుతది, కానీ ల్యాబ్‌ల గాజు గిన్నెల పెంచిన కణాలను, అది కూడా ఎక్కువగా విషం లెక్క కాల్చేసి కాదు, కణం తనంతట తానే చచ్చిపోయేటట్టు చేసి.

పాడైపోతే తనను తాను ఖతం చేసుకునే ఏర్పాటు మన కణాల్లోనే ఉంటది, దాన్ని అపోప్టోసిస్ అంటరు, క్యాన్సర్ కణం బీసీఎల్-2 లాంటి ప్రోటీన్లను పెంచుకుని దాన్ని తొక్కిపెడ్తది. హెప్-జీ2 అనే లివర్ క్యాన్సర్ కణాల మీద కర్క్యుమిన్ పోస్తే బీసీఎల్-2 తగ్గుతది, దానికి ఉల్టా పనిచేసే బ్యాక్స్ అనే ఇంకో ప్రోటీన్ పెరుగుతది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొరకు బొక్కలు పడి సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికి కారుతది, ఇగ దాంతోని కాస్పేజ్‌లు లేచి (కత్తెరలే అనుకోండి) లోపటి ప్రోటీన్లను కత్తిరించుడు మొదలుపెడ్తయ్. మైక్రోస్కోప్‌ల చూస్తే కణం ముడుచుకుపోయి, పైపొర బుడగలు బుడగలుగా ఉబ్బి, చిన్న చిన్న ముక్కలైతది.

అందరూ పొరబడేది ఇక్కడ్నే. నల్లగొండ, పాలమూరు దిక్కు కామెర్లకు నేల ఉసిరి పసరు తాగుడు ఉన్నదే కదా, గట్లనే పసుపు పాలు తాగితే లివర్‌ల గడ్డ కరుగుతదనుకుంటరు. కరగదు. తిన్న కర్క్యుమిన్ రక్తంలకు చానా తక్కువ ఎక్కుతది, ఎక్కినదాన్ని కూడా పేగులు, లివరే మార్చేసి బయటికి పంపిస్తయ్, గిన్నెల పోసినంత డోసు గడ్డ దాకా చేరనే చేరదు. పైగా పసుపు క్యాప్సూల్స్ మింగి లివరే దెబ్బతిన్న కేసులున్నయ్, కూరల వేసే చిటికెడుతోని మాత్రం ఫికర్ లేదు.