డెర్బీ రోజు జూలెప్‌కి ఏ సీసా?

ప్రశ్న: మేం లూయివిల్ వచ్చి రెండేళ్లయింది. ఈ మే నెలలో డెర్బీ గుర్రప్పందెం రోజున మొదటిసారి మా ఇంట్లో పార్టీ పెట్టుకుంటున్నాం. 24 మంది వస్తారు. సగం మంది ఆఫీసువాళ్లు, సగం మనవాళ్లు. ఆ రోజు తాగే మింట్ జూలెప్, అంటే బోర్బన్ విస్కీలో పుదీనా, చక్కెర పాకం, ఐసు వేసే పానీయం, నేనే స్వయంగా కలుపుదామని ఉంది. మా మేనేజరు గృహప్రవేశానికి పన్నెండేళ్ల బోర్బన్ సీసా ఒకటి ఇచ్చారు. అదే పోస్తే మర్యాదగా ఉంటుందని నేను. చక్కెర, పుదీనా పడ్డాక ఏదైనా ఒకటే, చవకది తెస్తే చాలని మా ఆవిడ. భీమవరం నుంచి మా అత్తగారు కూడా వచ్చి ఉన్నారు. ఆవిడ చేతికి ఏమివ్వాలో కూడా చెప్పండి.
— ఓ పాఠకుడు, లూయివిల్, కెంటకీ

జవాబు: మేనేజరు గారి సీసా అలమరలోనే ఉంచండి. మీ ఆవిడ చెప్పిన చవకదీ వద్దు. సీసా మీద 100 ప్రూఫ్ అని ఉన్నది, అంటే 50 శాతం ఆల్కహాల్ ఉన్నది, మధ్యరకం ధరలో తెచ్చుకోండి.

2009లో మా ఇంట్లో మొదటి డెర్బీ పార్టీకి నేను 40 శాతందే తెచ్చాను. కప్పులో పోసినప్పుడు బాగానే ఉంది. పది నిమిషాలయ్యేసరికి పుదీనా వాసనేసే చక్కెర నీళ్లయింది. సగం కప్పులు అలాగే బల్లల మీద మిగిలిపోయాయి. మర్నాడు మా పక్కింటి పెద్దావిడ రెండు కప్పులు పట్టుకుని వచ్చింది. పుట్టి పెరిగిందంతా ఈ ఊళ్లోనే. రెండింట్లోనూ ఒకే పాకం, ఒకే పుదీనా. ఒకదాంట్లో నా సీసాలోది, రెండోదాంట్లో ఆవిడ తెచ్చిన 100 ప్రూఫ్. రెండూ వరండా పిట్టగోడ మీద పెట్టి, “ఇప్పుడే కాదు, ఆగు” అంది. పావుగంట తర్వాత రుచి చూశాను. నాది చప్పబడిపోయింది. ఆవిడది అప్పుడే కుదురుకుంది: ముందు తీపి, వెనక మిరియాల ఘాటు, చివర్న కాలిన చెక్క వాసన.

లెక్క కూడా సరిపోతుంది. 60 మిల్లీలీటర్ల బోర్బన్, 15 మిల్లీలీటర్ల పాకం పోశారనుకోండి. నలగ్గొట్టిన ఐసు తొందరగా కరుగుతుంది కాబట్టి మరో 60 మిల్లీలీటర్ల నీళ్లు చేరాయనుకోండి. 40 శాతం సరుకు 18 శాతానికి దిగిపోతుంది. 50 శాతంది 22 దగ్గర నిలబడుతుంది. చూడ్డానికి చిన్న తేడా, నాలుక మీద పెద్ద తేడా.

ఇక గింజ సంగతి. బోర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలని, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిలవుంచాలని అమెరికా చట్టం. సీసాకెత్తేటప్పుడు నీళ్లు తప్ప ఏదీ కలపకూడదు. మిగతా గింజల్లో రై (గోధుమలాంటి ఒక ధాన్యం) ఉంటే ఘాటు, గోధుమ ఉంటే మెత్తదనం. జూలెప్‌లో తీపి ఎలాగూ మనం పోస్తున్నాం కదా, అందుకని నా ఓటు రైకే. డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్ రేసుకోర్సులో ఇప్పుడు జూలెప్‌లకి వాడేది ఓల్డ్ ఫారెస్టర్. అందులో 100 ప్రూఫ్‌ది అడిగి తీసుకోండి. అది దొరక్కపోతే తెల్ల లేబులున్న ఇవాన్ విలియమ్స్, లేదా వైల్డ్ టర్కీ 101. మేకర్స్ మార్క్ గోధుమది, 45 శాతం. బోర్బన్ కొత్తయినవాళ్లకి అది హాయిగా దిగుతుంది, కాకపోతే పాకం కాస్త తగ్గించాలి.

సీసా మీద ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అని కనిపిస్తే నిశ్చింతగా కొనేయండి. రంగు కోసం పొగాకు లాంటివి కూడా కలిపి అమ్ముతున్న రోజుల్లో, 1897లో వచ్చిన చట్టం అది. ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్ సరుకు, కనీసం నాలుగేళ్లు పీపాలో ఉండాలి, సరిగ్గా 100 ప్రూఫ్ ఉండాలి.

పన్నెండేళ్లది ఎందుకు వద్దన్నానంటే, అన్నేళ్లు పీపాలో ఉండి సంపాదించుకున్న సన్నటి వాసనలన్నీ ఐసు చలికి మూగబోతాయి. మిగిలేది చెక్క వగరు. దాని మీద పుదీనా వేయడం ఆ సీసాకి అన్యాయం.

తాగేవాళ్లు 16 మంది, తలా రెండు కప్పులు అనుకుంటే రెండు లీటర్లకి కాస్త తక్కువ. 750 మిల్లీలీటర్ల సీసాలు మూడు చాలు. ఐసు మాత్రం లోభించకండి, 20 పౌండ్ల సంచులు రెండు తెండి. గట్టి గుడ్డసంచిలో వేసి అప్పడాల కర్రతో శనగబద్దలంత ముక్కలయ్యేదాకా కొట్టాలి. పాకం చక్కెర, నీళ్లు సమంగా వేసి ముందురోజే కాచి చల్లార్చండి.

పుదీనాని పచ్చడికి నూరినట్టు నూరొద్దు, చేదెక్కుతుంది. కప్పు అడుగున ఎనిమిది ఆకులు వేసి, పాకం పోసి, గరిటె వెనకవైపుతో నాలుగైదుసార్లు అదమండి, చాలు. బోర్బన్ పోసి, ఐసు సగం నింపి, కప్పు బయట తెల్లటి మంచు పొర కట్టేదాకా కలపండి. వేలు పెడితే ముద్ర పడాలి. అప్పుడు ఐసు గోపురంలా పోసి, ఒక పుదీనా రెమ్మని అరచేతిలో ఓ చరుపు చరిచి గుచ్చండి. స్ట్రా పొట్టిగా కత్తిరించి రెమ్మ పక్కనే పెడితే, గుక్క గుక్కకీ పుదీనా ముక్కుకి తగులుతుంది. వెండి కప్పులు లేవని బెంగ వద్దు. మనింటి స్టీలు గ్లాసులకీ మంచు బాగానే పడుతుంది.

మీ అత్తగారికీ అదే గ్లాసు, అదే ఐసు, అదే రెమ్మ. అడుగున పాకం, నిమ్మరసం, అల్లంరసం, ఓ చెంచా పన్నీరు (గులాబీ నీళ్లు), పైన సోడా. జూలెప్ అన్న మాటకి మూలం పారసీకంలో పన్నీటికున్న ‘గులాబ్’ అన్న పేరే. అంచేత ఆవిడ తాగేది అసలు జూలెప్ అని ధైర్యంగా చెప్పండి. పిల్లలకి పై సోడా బదులు మన కెంటకీ వించెస్టర్‌లో 1926 నుంచి చేస్తున్న ఏల్-ఎయిట్ అనే అల్లం రుచి సోడా పోస్తే గ్లాసులు ఖాళీ అయిపోతాయి. మందు లేని గ్లాసులకి మాత్రం ఎర్రదారం కట్టండి. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, పొరపాటు జరక్కూడదు.

డెర్బీ పరుగు రెండు నిమిషాలే, అదీ సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో. జనం మధ్యాహ్నం నుంచే వస్తారు కాబట్టి రెండో కప్పులో బోర్బన్ 45 మిల్లీలీటర్లకి తగ్గించండి. మధ్యలో దోసకాయ శాండ్‌విచ్‌లో, గారెలో తిరుగుతూ ఉండాలి. కారు నడపాల్సినవాళ్లకి ఎర్రదారం గ్లాసే ఇవ్వండి.

రేసయ్యాక, సందడి తగ్గాక, మేనేజరు గారికి కారు తాళాల పని లేకపోతే అలమరలోని సీసా తీయండి. చిన్న గ్లాసుల్లో ఆయనకో గుటక, మీకో గుటక. ఐసు వద్దు, రెండు చుక్కల నీళ్లు చాలు.