డ్యూటీకి వెళ్లాలంటే చేతులు వణుకుతున్నాయి.. ఇది జబ్బేనా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 23. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, నెల క్రితం పరవాడ ఫార్మా సిటీలోని ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో చేరాను. ఇదే మొదటి ఉద్యోగం. గాజువాకలో స్నేహితులతో గదిలో ఉంటున్నాను. ఉదయం షిఫ్టు ఉంటే నాలుగింటికి ముందే మెలకువ వచ్చేస్తోంది. కడుపులో తిప్పినట్టయి రెండు మూడుసార్లు విరేచనానికి వెళ్లాల్సి వస్తోంది. కంపెనీ బస్సులో ఇబ్బంది అవుతుందని ఏమీ తినకుండా, టీ మాత్రం తాగి బయల్దేరుతున్నాను. ల్యాబ్‌లో పిపెట్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. సీనియర్ వెనక నిలబడితే గుండె దడ. మొదటి వారంలో రికార్డులో ఒక అంకె తప్పు రాస్తే అందరి ముందు గట్టిగా మందలించారు. అప్పటి నుంచి సందేహం అడగాలన్నా భయమే. సెలవు రోజున మాత్రం బాగానే ఉంటాను. రూమ్మేట్ తాను వాడే ప్రొప్రనొలాల్ మాత్ర ఒకటి వేసుకోమంటున్నాడు. చిన్నప్పుడు ఆయాసానికి ఇన్‌హేలర్ వాడాను. నాది జబ్బా? ఆ మాత్ర వేసుకోవచ్చా? ఉద్యోగం మానేసి ఇంటికెళ్లి పోటీ పరీక్షలకు చదువుకోనా?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు మాత్ర సంగతి తేల్చేద్దాం. వేసుకోవద్దు. ప్రొప్రనొలాల్ గుండె, కండరాల మీద అడ్రినలిన్ చూపే ప్రభావాన్ని అడ్డుకుంటుంది. అందుకే దడ, వణుకు తగ్గుతాయి. వేదిక ఎక్కబోయే కళాకారులకు కూడా మేం అప్పుడప్పుడు రాస్తాం. కానీ అదే మందు ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలను బిగుసుకునేలా చేయగలదు. ఆస్తమా ఉన్నవారిలో అది ప్రమాదకరమైన ఆయాసానికి దారితీయవచ్చు. చిన్నప్పుడు ఇన్‌హేలర్ వాడానన్న విషయం మీరు రాయకపోతే నాకు తెలిసేది కాదు, మీ రూమ్మేట్‌కూ తెలిసి ఉండదు. అతనికి ఆ మందు ఏ కారణంతో రాశారో, అది అతని వరకే.

రేపు ఇంకెవరో ఆందోళన తగ్గించే అల్‌ప్రజోలం మాత్ర ఇస్తామనవచ్చు. దానికీ ఒప్పుకోకండి. అది షెడ్యూల్ హెచ్1 కింద ఉన్న మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. అలవాటు పడేలా చేస్తుంది, మత్తుగా ఉంచుతుంది. ద్రావకాలు, గాజు సామాను మధ్య పనిచేసే మనిషికి ఆ మత్తు అసలు పనికిరాదు.

ఇక మీ ఉదయం ఎలా మొదలవుతోందో చూడండి. భయంగా ఉన్నప్పుడు మెదడు విడుదల చేసే కొన్ని రసాయనాలు పెద్దపేగు కదలికను వేగం చేస్తాయి. కడుపు కదలడం అందుకే, అంతవరకూ సహజం. దానికి భయపడి మీరు టిఫిన్ మానేస్తున్నారు. ఖాళీ కడుపున టీ పడుతోంది. రాత్రి భోజనం తర్వాత పది గంటలకు పైగా ఏమీ తినకుండా, కెఫీన్ మాత్రం ఎక్కించుకుని ల్యాబ్‌లోకి వెళ్తే నింపాదిగా ఉన్నవాళ్ల చెయ్యి కూడా కాస్త వణుకుతుంది. ఆ వణుకు చూసి మీరు ‘నాకు ధైర్యం లేదు’ అనుకుంటున్నారు. మీ వణుకులో ఆకలి వాటా ఎంత, టీ వాటా ఎంత, భయం వాటా ఎంత అన్నది రెండు వారాల్లో మీరే తేల్చుకోవచ్చు. బస్సుకు ముప్పావు గంట ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తినండి. నూనె వస్తువులు, కారం వద్దు. టీ తిన్న తర్వాతే, అదీ ఒక్క కప్పు. సాయంత్రం టీ మానేయండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగినది పదకొండింటికి కూడా మిమ్మల్ని మేలుకొలుపుతూనే ఉంటుంది.

అసలు చిక్కు మీ ఉత్తరంలో మరోచోట ఉంది. ‘సందేహం అడగాలన్నా భయమే’ అన్నారు చూశారా, అక్కడ. కొత్త ఉద్యోగంలో బెదురు దానంతట అది కొన్ని వారాల్లో తగ్గుతుంది, ఎందుకంటే పని తెలుస్తుంది, మనుషులు తెలుస్తారు. దాన్ని తగ్గనివ్వకుండా చేసేది బెదురు కంటే ఎక్కువగా, దాన్ని కప్పిపుచ్చడానికి మనం పడే పాట్లు. అడగకుండా ఊరుకోవడం, సీనియర్ కనబడితే పక్కకు తప్పుకోవడం, తూచినదే మళ్లీ మళ్లీ తూచడం, చెయ్యి కనబడకుండా జేబులో పెట్టుకోవడం. వీటిలో ఏది చేసినా ఆ క్షణానికి హాయిగా ఉంటుంది. కానీ ‘తప్పించుకున్నాను కాబట్టి బతికాను’ అని మెదడు నేర్చుకుంటుంది. మర్నాడు భయం ఇంకాస్త పెరుగుతుంది.

కాబట్టి మీకు నేను రాసే మందు ఇది: ప్రతి షిఫ్టులో కనీసం ఒక సందేహం సీనియర్‌ని అడగండి. చిన్నదైనా సరే. మీ ల్యాబుల్లో విడి కాగితాలు అనుమతించరని నాకు తెలుసు, కాబట్టి రేపటి ప్రశ్న ఏమిటో బస్సులోనే అనుకుని వెళ్లండి. ‘సార్, ఈ బఫర్ పీహెచ్ సరిచూసేటప్పుడు ఎంతసేపు ఆగాలి?’ అన్నంత సూటిగా ఉండాలి. ‘నాకేమీ అర్థం కావడం లేదు సార్’ అంటే ఎదుటివాళ్లకు విసుగు పుడుతుంది, మీకు సిగ్గు పుడుతుంది. మొదటి నెలలో అడిగే ప్రశ్నను ఎవరూ తప్పుపట్టరు. ఏడాది తర్వాత అదే ప్రశ్న అడిగితే పడతారు.

అంకె తప్పు రాసిన విషయానికొస్తే, మీ వృత్తిలో తప్పు రాస్తే ఏం చేయాలో నియమమే ఉంది కదా. కొట్టివేసిన అంకె కనబడేలా ఒక్క గీత, పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ. మనుషులు తప్పు రాస్తారని ముందే ఒప్పుకున్న నియమం అది. అక్కడ నేరమయ్యేది పాత అంకె మీదే దిద్దేయడం, దాచడం. భయపడ్డ కొత్తవాళ్లు సరిగ్గా ఆ నేరం వైపే జారుతుంటారు. ఈసారి పొరపాటు జరిగితే వెంటనే వెళ్లి చెప్పండి. మాట పడవచ్చు, కానీ ఆ మాట అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అలాగని అందరి ముందు అరిచిన సీనియర్‌ను నేను సమర్థించడం లేదు. ఒకసారి అయితే వదిలేయండి. రోజూ అవమానించడమే పద్ధతి అయితే అది మీ ఆందోళన సమస్య కాదు, విభాగాధిపతికో హెచ్ఆర్‌కో చెప్పాల్సిన సమస్య.

మీ చెయ్యి వణుకు అందరూ చూస్తున్నారని కూడా అనుకుంటున్నట్టున్నారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, విద్యార్థులకు వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి తోటివారి గదిలోకి పంపారు. సుమారు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది పావు వంతు మందే. మీ ల్యాబ్‌లో మిగతావాళ్లకు వాళ్ల శాంపిళ్లు, వాళ్ల గడువులు ఉన్నాయి.

బస్సులో కూర్చున్న మొదటి అయిదు నిమిషాలు ఫోను పక్కన పెట్టి, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలంతసేపు నెమ్మదిగా వదలండి. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. రోజూ చేస్తేనే దడ వచ్చినప్పుడు అది అక్కరకొస్తుంది. నిద్ర గురించి ఒక్కటే: ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే పక్క మీద దొర్లకుండా లేచి కూర్చోండి, కునుకు వచ్చినప్పుడు మళ్లీ పడుకోండి.

జబ్బా అని అడిగారు. నెల రోజులకే, అదీ పని రోజుల్లో మాత్రమే వచ్చే దానికి జబ్బు పేరు తగిలించడానికి నేను తొందరపడను. అయితే మూడు నెలలైనా తగ్గకపోయినా, డ్యూటీకి వెళ్లలేక సెలవులు పెడుతున్నా, ఉన్నట్టుండి ఊపిరాడక చచ్చిపోతానేమో అన్నంత భయం వస్తున్నా, రెండు వారాలకు పైగా ఏ పని మీదా ఆసక్తి లేకపోయినా మానసిక వైద్యుడిని కలవండి. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఈ స్థితికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల్ని, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, బాగా పనిచేస్తుంది. మందులు అవసరమైనా వాటి ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి మరీ ముదిరే దాకా ఆగవద్దు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఉద్యోగం మానేయడం గురించి నేనొక ప్రశ్న వేస్తాను. పోటీ పరీక్షలు రాయాలన్న కోరిక ఈ ఉద్యోగానికి ముందు నుంచీ ఉందా, ఈ నెలలోనే పుట్టిందా? ముందు నుంచీ ఉంటే నిదానంగా ఆలోచించుకోండి, అది మీ ఇష్టం. ఈ నెలలోనే పుట్టి ఉంటే దాని అసలు పేరు పోటీ పరీక్షలు కాదు. కనీసం మూడు నెలలు ఆగండి. మీ అమ్మానాన్నలు ఇది చదువుతుంటే వాళ్లకూ ఒక మాట: రాత్రి ఫోన్ చేసినప్పుడు ‘పర్మినెంట్ ఎప్పుడు చేస్తారట?’ అని అడగడం కొన్నాళ్లు ఆపండి.

ఒక పరీక్ష మాత్రం చేయించుకోండి. వణుకు, దడ, విరేచనాలు థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా వస్తాయి. థైరాయిడ్‌కు సెలవు రోజులు తెలియవు కాబట్టి మీకు అది ఉండే అవకాశం తక్కువే. అయినా థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, రక్తహీనత ఉంటే తెలిపే హిమోగ్లోబిన్ చూపించుకుంటే ఆ అనుమానాలు తీరుతాయి. వీటికి ఖాళీ కడుపుతోనే వెళ్లాలన్న నియమం లేదు, షిఫ్టు దిగాక గాజువాకలోనే రక్తం ఇచ్చి గదికి వెళ్లవచ్చు.