అందరూ బిజీ, ఒక్క పనీ పూర్తవదు

ప్రశ్న: మేడమ్, నేను ఎనిమిది మంది ఉన్న టీమ్‌కి ప్రాజెక్ట్ లీడ్‌ని. మావాళ్లలో ఎవరూ ఖాళీగా కూర్చోరు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. కానీ వారం చివర లెక్క చూసుకుంటే పూర్తయినవి రెండో మూడో, మిగతావన్నీ "దాదాపు అయిపోయింది" అనేవే. పొద్దుటి మీటింగే గంట పడుతోంది, గ్రూప్‌లో మెసేజ్‌లకి అంతు లేదు. గడువు ఇంకా ఆరు వారాలే ఉంది. మేనేజర్ ఇంకో ఇద్దరిని ఇస్తానంటున్నారు. తీసుకోమంటారా? వీళ్ల దృష్టి పని మీద నిలవాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ముందుగా, మీవాళ్లని ఒక్క మాట కూడా అనకండి. మీరు రాసినదాన్ని బట్టి వాళ్ల శ్రద్ధలో లోపమేమీ లేదు, చేతిలో ఒకేసారి పెట్టుకున్న పనులు మరీ ఎక్కువయ్యాయి, అంతే.

నేను కూడా ఒకప్పుడు ఇలాంటి టీమ్‌నే నడిపాను. ఒకరోజు మీటింగ్ ఆపేసి, మొదలుపెట్టి ఇంకా పూర్తికాని ప్రతి పనినీ ఒక్కో చీటీ మీద రాసి గోడకి అంటించమన్నాను. ఏడుగురం, ఇరవై ఆరు చీటీలు. ఒకమ్మాయి పేరు మీదే ఐదు. వాటిలో ఒకటి తొమ్మిది రోజులుగా కదలడం లేదు, ఏమిటా అని అడిగితే "మీరు చూసి సరే అనాలి మేడమ్" అంది మెల్లగా. ఆ మెయిల్ నేను చదివాను కూడా, తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. ఆ అమ్మాయి ఖాళీగా ఉండలేక ఇంకో పని, ఆ తర్వాత మరోటి ఎత్తుకుంది. పనులు పేరుకుపోవడం అంటే ఇదే, ఎవరి తప్పూ కనిపించదు, గోడ మాత్రం నిండిపోతుంది.

దీని వెనక చిన్న లెక్క ఉంది. అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించిన సూత్రం: చేతిలో ఉన్న పనుల సంఖ్యని వారానికి పూర్తయ్యే పనులతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున పట్టే కాలం వస్తుంది. మీ టీమ్‌లో 24 పనులు నడుస్తూ వారానికి 3 పూర్తవుతున్నాయనుకోండి, ఒక్కోదానికి సగటున 8 వారాలు. మీ గడువేమో 6. అదే 9 పనులే తెరిచి ఉంచితే, ఎవరూ ఒక్క గంట ఎక్కువ పనిచేయకుండానే 3 వారాలు. మొత్తం పని తగ్గిపోదు, నిజమే. కానీ ముఖ్యమైనవి ముందు బయటికొస్తాయి, ఆరు వారాల్లో ఏవి కావో చివరి రోజు కాకుండా ఇప్పుడే తెలుస్తుంది. ఆ జాబితా పట్టుకుని ఈ వారమే మేనేజర్ దగ్గరికి వెళ్లండి, ఆ మాట చెప్పడం కష్టమే గానీ లీడ్ చేయాల్సిన అసలు పని అదే.

కాబట్టి రేపు మీరూ చీటీలు అంటించి చూడండి. మనిషికి ఒకటి, మహా అయితే రెండు. ఆ లెక్క దాటితే కొత్తది ముట్టుకోకూడదు, ఖాళీ అయినవాళ్లు పక్కవాళ్ల పని పూర్తి చేయడానికి చేయి వేయాలి. "దాదాపు" అనే మాటని ఒప్పుకోకండి. ఒక పని ఎప్పుడు పూర్తయినట్టో అది మొదలయ్యేముందే రాసుకోండి.

మీటింగ్ గంట అక్కర్లేదు. స్క్రమ్ అని, టీమ్‌లు పనిని చిన్న చిన్న విడతలుగా చేసే పద్ధతి ఒకటుంది, అందులో రోజువారీ మీటింగ్‌కి గరిష్ఠంగా 15 నిమిషాలే. "నిన్న ఏం చేశావు" అని వరసగా అందర్నీ అడిగితే అది హాజరు పట్టీలా తయారవుతుంది, తన వంతు అయిపోగానే ఎవరూ వినరు. దానికి బదులు పూర్తవడానికి దగ్గరగా ఉన్న చీటీతో మొదలుపెట్టి "ఇది కదలాలంటే ఎవరి నుంచి ఏం కావాలి?" అని అడగండి. పొద్దున రెండు గంటలు మెసేజ్‌లూ మీటింగ్‌లూ లేకుండా చూడండి, నిజంగా అర్జెంటైతే ఫోన్ చేస్తారు. ఆ టైమ్‌లో మొదటి మెసేజ్ పెట్టేది మీరు కాకుండా జాగ్రత్తపడండి, మీరు పెడితే ఇక అందరూ పెడతారు.

ఇక ఆ ఇద్దరి సంగతి. ఇప్పుడు వద్దనే అంటాను. ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్‌కి మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని. మీది ఏ రకం ప్రాజెక్టైనా కారణం ఒకటే: కొత్తవాళ్లకి పని నేర్పేది పాతవాళ్లే. పైగా ఎనిమిది మంది మధ్య ఇద్దరిద్దరుగా మాట్లాడుకునే జతలు 28, పది మందైతే 45. తప్పదంటే, మిగతా పనితో ముడిపడని భాగం ఏదైనా వాళ్లకి పూర్తిగా అప్పగించండి.

ప్రశ్న: నేను లీడ్‌ని కాను, టీమ్‌లో ఒకణ్ణి. రోజుకి పదిసార్లు "ఒక్క నిమిషం" అని పిలిచి కొత్త పని చెబుతారు. కాదనలేను, చేస్తున్నదీ పాడవుతోంది. టెన్షన్‌తో నిద్ర కూడా పట్టడం లేదు.
– ఇంకో పాఠకుడు

జవాబు: కాదనక్కర్లేదు. చేతిలో ఉన్న పనులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, పిలిచినప్పుడు అది వెంట తీసుకెళ్లి "తప్పకుండా చేస్తానండీ, దీనికోసం వీటిలో ఏది పక్కన పెట్టమంటారు?" అని అడగండి. విసుగు లేకుండా అడగాలి, ఎందుకంటే చాలాసార్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో వాళ్లకి నిజంగానే తెలియదు.

ఇంకోటి. పని సగంలో వదిలి ఇంకోదానికి మారితే మనసులో కొంత మొదటిదాని దగ్గరే ఉండిపోతుందని మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు సోఫీ లెరోయ్ 2009లో పరిశోధన చేసి చూపారు. అందుకే కుర్చీలోంచి లేచేముందు అర నిమిషం ఆగి, ఎక్కడ ఆపారో, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలో ఒక్క లైన్ రాసుకోండి. సాయంత్రం ఇంటికెళ్లేముందు కూడా ఇదే చేయండి. నిద్ర అప్పటికీ పట్టకపోతే ఊరుకోవద్దు, డాక్టర్‌కి చూపించుకోండి.