క్లాసులో పలికిన గాంధారం ఇంట్లో పలకదేం?

ప్రశ్న: రెండు నెలలుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను. క్లాసు వారానికోసారే. ఇంట్లో సరళీ వరసలు (మొదట నేర్పే స్వర పాఠాలు) వాయిస్తుంటే గాంధారం (గ స్వరం) శ్రుతి తగ్గిపోతోంది, కమాను (తీగల మీద లాగే బద్ద) కీచుమంటోంది. ఎలా సాధన చేయాలండీ?

జవాబు: ముందు కమాను సంగతి. ఎడమ చేతికి పని పెట్టకుండా, తంబురా శ్రుతి పెట్టుకుని, ఒక్కో తీగ మీద నిండు కమాను ఎనిమిదేసి సార్లు లాగండి. కమాను బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్కకు) సమాంతరంగా కదలాలి. చివరికి వచ్చేసరికి మోచేయి వెనక్కి పోతే కమాను వంకర తిరుగుతుంది, కీచు అక్కడే పుడుతుంది. కమాను వెంట్రుకలకు రోజిన్ (పట్టు కోసం రాసే జిగురు గడ్డ) నాలుగైదు సార్లు రుద్దితే చాలు. వాయించాక కమాను వదులు చేయడం, తీగల మీది పొడి తుడవడం మరవకండి.

ఇక గాంధారం. సరళీ వరసలు వాయించే రాగం మాయామాళవగౌళ. అందులో రిషభం (రి) షడ్జమానికి (స) బాగా దగ్గర, గాంధారమేమో దూరం. రిషభం పలికించే చూపుడు వేలు మెట్టు (మెడ పైచివర తీగలు ఆనే చిన్న గట్టు) దగ్గరే ఉండిపోవడంతో మధ్య వేలు సాగక స్వరం తగ్గుతుంది. గాంధారం, మధ్యమం (మ) వేళ్లు దాదాపు ఆనుకుని ఉండాలి. ముందు గొంతుతో పాడి, ఆపై వేలు పెట్టండి.

చిన్న పరీక్ష: సన్న తీగపై ఉంగరం వేలితో తారస్థాయి షడ్జం వాయించండి. సరిగ్గా పడితే పక్కనున్న మధ్యస్థాయి షడ్జం తీగ ముట్టకుండానే సన్నగా కంపిస్తుంది. కంపించలేదంటే వేలు జరపాలి.

రోజుకు ఇరవై నిమిషాలు, రెండు పూటలా. క్లాసు ముందురోజు రెండు గంటలు వాయిస్తే తప్పులే స్థిరపడతాయి. రెండో కాలం (రెట్టింపు వేగం) తొందర వద్దు. మొదటి కాలంలో శ్రుతి నిలిచాకే.